పరాయింటి పూచీ

చెట్టుని బెదిరించడానికి గొడ్డలికి పదును అక్కర్లేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు నించీ చూస్తున్న తంతు గనక యెతెర్‌కి ఆ సంగతి బాగా తెలుసు. బాదం మొగ్గలు విచ్చే రోజుల్లో ఇంటాయన గొడ్డలి భుజాన వేసుకుని చెట్టు దగ్గరికి వెళ్తాడు. మొద్దు వైపు తిప్పి మాను మీద రెండు దెబ్బలు వేసి, కాయని చెట్టు నాకెందుకు, కొట్టేస్తానని వీధంతా వినబడేలా కేకలు పెడతాడు. అప్పుడు పక్కింటివాడు పరుగెత్తుకొచ్చి, కొట్టకు, ఈ ఏడు కాస్తుంది, పూచీ నాది అంటాడు. గొడ్డలి దిగుతుంది. చెట్టు హడలిపోయి కాస్తుంది. కాస్తుందనే అందరి నమ్మకం.

అందుకే ఆ శుక్రవారం పొద్దున్న పెరట్లోంచి సానరాయి మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడు వినబడగానే, పిండి కలుపుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. చేతులకి పిండి అలాగే ఉంచుకుని బయటికొచ్చింది.

మొగుడు కాజిమ్ ఆలివ్ పళ్ళు మోసే చెక్కపెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. రాయి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు, రుద్దుతున్నాడు, అంచుని బొటనవేలి గోటి మీద పెట్టి చూస్తున్నాడు.

"ఏమయ్యా, బెదిరింపుకి పదునెందుకు?"

"ఈసారి బెదిరింపు కాదు గనక."

"మరి?"

"నాలుగేళ్ళు బెదిరించాం. నాలుగేళ్ళూ నువ్వు పూచీ పడ్డావు. ఏం రాలింది? పువ్వు రాలింది, ఆకు రాలింది. నా గొంతు బొంగురుపోయింది." అంచుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఆదివారం మా మేనల్లుడు రంపం, బండీ తీసుకొస్తున్నాడు. రెండు చెట్లూ తీసేస్తే అక్కడ ఓ గది లేస్తుంది. ఎండాకాలం సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తాం."

"పూలున్న చెట్టునా?"

"పూలే ఉన్న చెట్టుని."

"నేను మళ్ళీ పూచీ పడతాను. ఒక్క ఏడు ఆగు."

"ఇంటిదాని పూచీ పూచీ కాదే! మా అమ్మ ఎప్పుడూ చెప్పేది కాదూ, పూచీ పడేవాడు పరాయింటివాడవ్వాలని? ఇంట్లోవాళ్ళం మనలో మనమే అరుచుకుంటే చెట్టు నవ్వుకుంటుంది. పరాయివాణ్ణి ఎవణ్ణైనా తీసుకురా, ఆపుతాను. పోనీ, నీకు చేతనైతే తీసుకురా."

ఐదో ఆడపిల్లగా పుట్టిందని యెతెర్‌కి 'చాలు' అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు వాళ్ళ నాన్న. చాలు అని పేరున్నా నోటికి చాలు అన్నది లేదని మొగుడు రోజుకోసారైనా దెప్పుతాడు. ఆ పూట మాత్రం ఆమె వీధి ఈ కొసనించి ఆ కొసదాకా చూసింది. ఆ వీధిలో మిగతా ఇళ్ళన్నీ వేసవికి వచ్చి పోయేవాళ్ళవి, జూన్ దాకా తాళాలే. చలికాలం పొగ లేచే గొట్టాలు రెండే. ఒకటి తమది, రెండోది గోడ అవతల హుర్షిత్‌ది. ఆ హుర్షిత్ కాజిమ్‌తో మాట్లాడి నాలుగేళ్ళయింది.

*

మధ్యాహ్నం పెనం మీద రొట్టె కాలుస్తుంటే పెరిహాన్ వచ్చింది. ఆ అమ్మాయి బడిలో సైన్సు టీచరు, హుర్షిత్ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుంటోంది. శుక్రవారం ఆ అమ్మాయికి పాఠాలు సగం పూటే. రొట్టె వాసన పట్టి రావడంలో పిల్లికి తీసిపోదు. యెతెర్‌కి ఆ అమ్మాయంటే ముద్దు. కాలిన రొట్టెలో వెన్న, ఆకుకూర పెట్టి మడిచి ఇస్తే నిలబడే తినేస్తుంది, వేళ్ళు కాల్చుకుంటుంది, నవ్వుతుంది.

"పిన్నీ, ఎంత పూసిందో చూశావా! కొమ్మ కనబడట్లేదు."

"చూడమ్మా చూడు. ఎల్లుండికి ఉండదు." జరిగింది చెప్పింది యెతెర్. చెప్పేసరికి ముక్కు ఎర్రబడింది. "మా అత్తగారి చేతి చెట్లవి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అంటారు వాటిని. ఊళ్ళో ఏ పెళ్ళైనా అమ్మాయిని తీసుకొచ్చి రెండిటికీ కలిపి ఎర్రదారం కట్టించేవాళ్ళు. నాకూ కట్టించారు. అంత జంటగా బతికినవి కాయడం మానేశాయేమిటో, ఏ కన్ను తగిలిందో!"

పెరిహాన్ రొట్టె పట్టుకునే చెట్ల కిందకి వెళ్ళింది. ఒక దాని పువ్వు చూసింది, రెండో దాని పువ్వు చూసింది, రెండు ఆకుమొగ్గలు పక్కపక్కన పెట్టి చూసింది.

"పిన్నీ, ఇవి నాటినవా, అంటు కట్టినవా?"

"ఈ పెళ్ళికొడుకు మా మామగారు తెస్తే అత్తగారు నాటినది. దీని కాయ తీపి చూసి, దీని కొమ్మే తీసి ఆ పెళ్ళికూతురికి అంటు కట్టారు. అందుకే అంత పోలిక!"

పెరిహాన్‌కి నవ్వు వచ్చింది. ఆపుకుంది. మళ్ళీ వచ్చింది.

"ఏమిటే అమ్మాయ్?"

"ఇవి మొగుడూ పెళ్ళాలు కారు పిన్నీ. ఇది ఒకే చెట్టు. రెండు చోట్ల నిలబడింది, అంతే."

యెతెర్ అట్లకాడ పట్టుకుని అలాగే చూసింది. పెరిహాన్ ఒక పువ్వు తుంచి, రెక్కలు ఊడబీకి, మధ్యలో మిగిలిన సన్నని పచ్చటి కాడని గోటి మీద పెట్టి చూపించింది.

"ఈ కొస మీద పుప్పొడి పడుతుంది. పడి, గింజలాగే మొలకేస్తుంది. దారం లాంటి వేరు ఒకటి ఈ కాడ లోపల్నించి అడుగుదాకా దిగాలి. దిగితేనే కాయ. ప్రతి పుప్పొడికీ పుట్టుకతో వచ్చిన ఇంటి గుర్తు ఒకటుంటుంది. పువ్వుకీ ఉంటుంది. తన గుర్తున్న పొడి వస్తే ఈ బాదం పువ్వు సగం దారిలోనే దాన్ని ఆపేస్తుంది. వేరు అక్కడే వాచి చచ్చిపోతుంది. వేరే గుర్తున్న పొడిని మాత్రం పోనిస్తుంది."

"సొంతదాన్ని చంపుకుంటుందా? పాపిష్టిది!"

"పాపం కాదు పిన్నీ, ముందుచూపు. పూర్వం, కోట్ల ఏళ్ళ కిందట, తన పొడితో తనే కాసేయడం సుఖం కదా? తేనెటీగ కోసం చూడక్కర్లేదు, గాలి కోసం చూడక్కర్లేదు. కానీ అలా పుట్టిన మొక్కలు నీరసంగా ఉండేవి. తాతలో ఉన్న జబ్బే తండ్రిలో, తండ్రిలోదే మనవడిలో. ఎప్పుడో ఓ మొక్కకి అనుకోకుండా ఇలాంటి అడ్డు ఒకటి పుట్టింది. దాని పిల్లలకి కొత్త రక్తం కలిసింది, గట్టిగా నిలిచాయి. అడ్డు కూడా వాటితోనే వారసత్వంగా వచ్చింది. ఆ తర్వాత కొన్ని జాతులు దాన్ని పోగొట్టుకున్నాయి. మీ బావి దగ్గర పీచ్ చెట్టుంది చూడు, అది ఒంటరిగానే కాస్తుంది. బాదం మాత్రం పట్టు వదల్లేదు."

"మా ఆయన జాతి అన్నమాట," అంది యెతెర్. వెంటనే ఇంకో సంగతి తోచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అల్లా! నలభై ఏళ్ళుగా ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి చేతా దారం కట్టించింది ఒక్కడికేనా? నా చేతా ఒక్కడికేనా?"

ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు తగ్గాక యెతెర్ అడిగింది, "మరి అప్పట్లో బస్తాలు బస్తాలు కాసింది కదే?"

"కొండ వెనక తోటలున్నాయి గానీ, ఈ గాలికి తేనెటీగలు కొండ దాటి రావు. దగ్గర్లోనే వేరే బాదం ఉండుండాలి. గుర్తు తెచ్చుకో."

గుర్తు తెచ్చుకోవలసిన పని లేదు. యెతెర్ కళ్ళు వాటంతట అవే గోడ మీదికి వెళ్ళాయి. గోడకి అవతల ఆకాశం ఖాళీగా ఉంది. ఒకప్పుడు అక్కడ హుర్షిత్ చేదు బాదం చెట్టు గోడ మీంచి ఇటు వంగి ఉండేది. అంటు లేదు, పేరు లేదు, గింజ పడి మొలిచింది. దాని కాయ నోట్లో పెట్టినవాళ్ళు ఉమ్మి తిట్టేవాళ్ళు. దాని మీదా తేనెటీగలు ముసిరేవి, వీటి మీదా ముసిరేవి. దారం కట్టడానికి వచ్చిన పెళ్ళికూతుళ్ళలో ఒక్కతె కూడా దానివైపు తలెత్తి చూడలేదు.

"ఆ చేదుదా?" అంది. గొంతు తగ్గిపోయింది. "ఇన్నేళ్ళూ ఆ చేదుదా?"

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరికీ దాని ధ్యాసే లేదు.

*

శనివారం కాజిమ్ కాఫీ కొట్టుకి వెళ్ళగానే యెతెర్ గుడ్డలో రొట్టెలు చుట్టుకుని హుర్షిత్ ఇంటి గేటు తీసింది. నాలుగేళ్ళలో ఆ గేటు తియ్యడం అదే మొదలు. కీచుమంది.

హుర్షిత్ అరుగు మీద కూర్చుని మేక మెడకి తాడు పేనుతున్నాడు. పెళ్ళాం పోయాక మనిషి సన్నబడ్డాడు, మీసం మాత్రం అలాగే ఉంది. లేచి నిలబడ్డాడు.

"రా చెల్లెమ్మా. అంతా బాగున్నారా?"

"ఇప్పటికి బాగున్నారన్నయ్యా."

గోడ వారన చేదు చెట్టు మొద్దు ఉంది. చుట్టూ మోకాలెత్తు పిలకలు. కొన్ని కోసిన గుర్తులు పాతవి, నల్లబడ్డాయి. అది నాలుగేళ్ళుగా మొలుస్తోంది, ఆయన నాలుగేళ్ళుగా కోస్తున్నాడు. ఆమె చూపు అక్కడ ఆగడం హుర్షిత్ గమనించాడు.

"కోస్తాను. చిగురు ముదరనీ, కోస్తాను. నా చెట్టు మీ గోడ దాటదని మాటిచ్చాను. దాటలేదు కదా?"

"దాటలేదన్నయ్యా. అదే మా కొంప ముంచింది." పెరిహాన్ చెప్పిందంతా చెప్పింది, తనకి అర్థమైనట్టు. ఇంటి గుర్తు సంగతి చెప్పింది, ఒకే చెట్టు రెండు చోట్ల నిలబడ్డ సంగతి చెప్పింది. "పూచిన కొమ్మలు నాలుగు కోసి నీళ్ళలో పెట్టి మా చెట్లలో వేలాడదీస్తే చాలట. తేనెటీగలే చూసుకుంటాయట. నీ కొండ చేలో గట్టు మీద చేదు బాదాలున్నాయి కదా. నువ్వొచ్చి పూచీ పడితే ఆయన ఆపుతాడు."

హుర్షిత్ తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. రెండు పేటలు మెలితిప్పాడు, మూడోది కలిపాడు.

"ఒక్క చేదు గింజ," అన్నాడు. "మీ బస్తాలో ఒక్క గింజ పడింది. దాచ్చా పట్నం బజార్లో వర్తకుడు కొరికి ఉమ్మి, బస్తా తిరగ్గొట్టాడు. కాజిమ్‌కి తలవంపులైంది, నిజమే. కానీ గోడ మీదికొచ్చి ఏమన్నాడో గుర్తుందా? చేదు చెట్టు పెంచేవాడి బుద్ధీ చేదే అన్నాడు. రోజూ నాతో పాచికలాడి, ఓడి, నా టీ తాగి పోయిన మనిషి. తెల్లారి నేను గొడ్డలి తీశాను. మొద్దు వైపుతో కాదు." తాడు బిగించాడు. "ఆవేళ నా చెట్టుకి ఎవరు పూచీ పడ్డారు చెల్లెమ్మా? ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని చూసుకుంటూనే కొట్టాను. గోడ అవతల నువ్వు బట్టలు ఆరేస్తున్నావు."

యెతెర్ మొహం కందిపోయింది.

"నా నోట్లో బట్టల క్లిప్పులున్నాయన్నయ్యా."

హుర్షిత్ తలెత్తాడు. కళ్ళలో కోపం లేదు. అదే ఆమెకి మరీ కష్టంగా తోచింది.

"నాలుగేళ్ళూ ఉన్నాయా?"

ఆమె రొట్టెల మూట అరుగు మీద పెట్టి, తలగుడ్డ చెంగుతో మొహం తుడుచుకుని వచ్చేసింది. వస్తానని గానీ రానని గానీ ఆయన అనలేదు.

*

ఆదివారం కాజిమ్ మేనల్లుడు బండి తెచ్చి గుమ్మంలో ఆపాడు. రంపం దించాడు. కుర్రవాడు మంచివాడే, అత్త కళ్ళలోకి మాత్రం చూడలేదు.

"రంపం ఆగనీ," అన్నాడు కాజిమ్. "ముందు పద్ధతి ప్రకారం కానీ."

గొడ్డలి తీసుకుని పెళ్ళికొడుకు ముందు నిలబడ్డాడు. తెల్లగా, లేత గులాబీగా పూలు నెత్తి మీద రాలుతున్నాయి. దులుపుకోలేదు.

"కొట్టేస్తాను దీన్ని!" అని అరిచాడు.

ఎవరూ పలకలేదు. యెతెర్ నోరు తెరవబోతే వేలు చూపించి ఆపాడు.

"కొట్టేస్తాను! కాయని చెట్టు నాకెందుకు!"

గోడ అవతల మేక అరిచింది. కాజిమ్ కొంచెం పక్కకి జరిగి, గొంతు సవరించుకుని, ఇంకా గట్టిగా మూడోసారి అరిచాడు. అప్పుడు గమనించింది యెతెర్. ఆయన మొహం చెట్టు వైపు లేదు, గోడ వైపుంది. మెడ నరాలు ఉబ్బేలా పెట్టిన ఆ కేకలన్నీ గోడ కోసమే. నాలుగేళ్ళుగా ప్రతి ఫిబ్రవరిలోనూ గొంతు బొంగురుపోయింది ఎందుకో కూడా ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఓరి నా మొండి మనిషీ అనుకుంది. ఆ మనిషి మీద జాలీ ప్రేమా ఒక్కసారి పొంగాయి.

గోడ పలకలేదు. కాజిమ్ భుజాలు దిగాయి. గొడ్డలి పదును వైపు తిప్పి ఎత్తి ఒక దెబ్బ వేశాడు. తెల్లటి పేడు ఎగిరి యెతెర్ కాళ్ళ దగ్గర పడింది.

"కొట్టకు కాజిమ్!"

గేటు దగ్గర హుర్షిత్. మోకాళ్ళ దాకా కొండ మట్టి. రెండు చేతుల నిండా పూల కొమ్మలు పొదివి పట్టుకున్నాడు, పూల పైన మీసం మాత్రం కనబడుతోంది. పెరిహాన్ వెనకాలే నాలుగు ఖాళీ నూనె డబ్బాలు మోసుకొస్తోంది.

కాజిమ్ పెదవులు కదిలాయి. పద్ధతి ప్రకారం అడగవలసింది అడగాలి.

"ఎందుకు కొట్టకూడదు?"

"ఈ ఏడు కాస్తుంది. పూచీ నాది."

"నువ్వెవరివి?"

"పరాయివాణ్ణి," అన్నాడు హుర్షిత్. ఆ మాట ఆటలోని మాటే. ఇద్దరికీ మాత్రం అది తగలవలసిన చోట తగిలింది.

గొడ్డలి దిగింది. పరాయివాడు పూచీ పడ్డాక కొడితే ఆ ఇంట పొయ్యి వెలగదంటారు. కాజిమ్ గొడ్డలి గోడకి ఆనించి, కొమ్మల వైపు గడ్డం చూపించి పెళ్ళాంతో అన్నాడు, "ఆ చీపుళ్ళెందుకో అడుగు."

"నీ చెట్టుకి మొగుడు," అంది యెతెర్.

"చేదు కొమ్మలా? నా చెట్టు మీదా? కాయంతా చేదెక్కి పోతుంది!"

"ఎక్కదు బాబాయ్," అంది పెరిహాన్ డబ్బాల్లో నీళ్ళు పోస్తూ. "గింజ రుచి కాసే చెట్టుది. ఇన్నేళ్ళూ తిన్నావుగా, చేదుగా ఉందా?"

"ఇన్నేళ్ళూ అంటే?"

యెతెర్ చెప్పింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. కాజిమ్ పెళ్ళికొడుకుని చూశాడు, పెళ్ళికూతుర్ని చూశాడు. ఆ తర్వాత గోడ మీద ఖాళీగా ఉన్న చోటు చూశాడు. హుర్షిత్ నిచ్చెన ఎక్కుతుంటే వెళ్ళి అడుగున పట్టుకున్నాడు. డబ్బాలు కట్టడం అయ్యేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మేనల్లుడు రంపం బండిలో పెట్టుకుని, తిని వెళ్ళమన్న అత్త చేతి రొట్టె తిని వెళ్ళాడు. ఎండ పడ్డాక తేనెటీగలు డబ్బాల్లో కొమ్మల మీద వాలి, అక్కణ్ణించి చెట్టు మీద వాలి, మళ్ళీ డబ్బాల మీదికి తిరిగాయి. కాజిమ్ చెక్కపెట్టె మీద కూర్చుని వాటినే చూస్తూ టీ చల్లార్చుకున్నాడు.

*

ఏప్రిల్లో కాసింది. కొమ్మ కొమ్మకీ నూగు పట్టిన పచ్చి పిందెలు, ఉప్పద్దుకుని తొక్కతో సహా కొరికే లేతవి. ఏ రోజు మొదటి పిందె కనబడిందో గానీ కాజిమ్ పెళ్ళానికి చెప్పలేదు. పొద్దున్నే చెట్టు కిందకి వెళ్ళి ఆకులు ఎత్తి ఎత్తి చూసుకోవడం ఆమె వంటింటి కిటికీలోంచి చూసి, తనూ చూడనట్టే ఊరుకుంది.

మొదటి దోసెడు పూచీ పడ్డవాడికి చెల్లాలి. ఒక ఉదయం కాజిమ్ గిన్నె నిండా కోసి, కాగితంలో ఉప్పు పొట్లం కట్టి బల్ల మీద పెట్టాడు.

"తీసుకెళ్ళు."

"పూచీ నాకా ఇచ్చాడు?" అని యెతెర్ తడి బట్టల బుట్ట ఎత్తుకుంది. "నీ కాళ్ళు నెప్పెడుతున్నాయా?"

కాజిమ్ గిన్నె రెండు చేతులా పట్టుకుని బయల్దేరాడు. ఆమె గోడ పక్క తీగ మీద దుప్పటి ఆరేస్తూ, క్లిప్పులు నోట్లో పెట్టుకుని, మునివేళ్ళ మీద లేచి అవతలికి చూసింది. గేటు కీచుమంది.

హుర్షిత్ మొద్దు దగ్గర వంగి ఉన్నాడు, చేతిలో పెద్ద కత్తెర. మాట ప్రకారం చిగుళ్ళు ముదిరే రోజు. ఒక పిలక తెగి పడింది. అడుగుల చప్పుడు విని కూడా తల తిప్పలేదు. రెండో పిలకకి కత్తెర పెట్టాడు.

కాజిమ్ గిన్నెతో అలాగే నిలబడిపోయాడు. రెండో పిలకా తెగింది. మూడోది అన్నిటికన్నా నిటారుగా ఉంది, గోడలో సగం ఎత్తుంది. యెతెర్ క్లిప్పులు అరచేతిలోకి ఉమ్మేసింది. ఈసారి ఆగేది లేదనుకుంది. అరవడానికి ఊపిరి తీసుకుంది.

"కొట్టకు," అన్నాడు కాజిమ్.

కత్తెర ఆగింది. హుర్షిత్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"ఎందుకు కొట్టకూడదు? చేదు చెట్టు. పక్కింటాయనకి పడదు."

"పడుతుంది." కాజిమ్ గొంతు బొంగురుగా ఉంది, అరవకుండానే. గిన్నె ఒరిగి ఒక పిందె జారి మట్టిలో పడింది. "పెరగనీ. గోడ దాటనీ. పూచీ నాది."

హుర్షిత్ నెమ్మదిగా నడుం నిలబెట్టుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత స్నేహితుడి మొహంలోకి తిన్నగా చూశాడు.

"నువ్వెవరివి?"

"పరాయివాణ్ణే."

హుర్షిత్ కత్తెర మొద్దు మీద పెట్టి, ఉప్పు పొట్లం కోసం చెయ్యి చాచాడు.

"అయితే చెల్లుతుంది."